పెన్సిల్వేనియా మంచులో చెకుముకి తుపాకీతో దుప్పి వేట: సమగ్ర మార్గదర్శి

తుపాకీ పక్కనున్న చిన్న పళ్లెంలో తుపాకీమందు భగ్గుమంది. తెల్లటి పొగ నా కళ్లజోడు మీదికి లేచింది. ఆ తరువాత ఏమీ జరగలేదు. 40 గజాల దూరంలో నిలబడిన ఆడ దుప్పి తల ఎత్తి నా వైపు చూసి, తెల్లని తోకను జెండాలా పైకెత్తి, హెమ్లాక్ చెట్ల మధ్యకు వెళ్లిపోయింది. గొట్టంలో దట్టించిన 70 గ్రెయిన్ల (సుమారు నాలుగున్నర గ్రాముల) మందు మాత్రం అంటుకోలేదు.

సాయంత్రం గుడిసెకు తిరిగి వచ్చాక, నాకు ఈ వేట నేర్పిన పక్కింటి పెద్దాయన ఒకే ప్రశ్న వేశారు: "మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు తుపాకీ ఎక్కడ పెట్టావు?" పొయ్యి పక్కన గోడకు ఆనించానని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. నా తప్పు నాకే అర్థమైంది. బయట మైనస్ 12 డిగ్రీల చలిలో ఉదయమంతా తిరిగిన ఇనుమును వెచ్చని గదిలోకి తెచ్చాను. చల్లని మజ్జిగ పోసిన స్టీలు గ్లాసుకు చెమట పట్టినట్లు గొట్టానికి లోపలా బయటా చెమట పట్టింది. ఆ నీరు మందులోకి దిగింది.

చలికాలపు వేటలో చలి గురించి అందరూ మాట్లాడతారు. నా అనుభవంలో వేటను చెడగొట్టేది తడి. తుపాకీ లోపలి తడి, బట్టల లోపలి చెమట, ఊపిరిలోని ఆవిరి. ఈ మార్గదర్శిలోని ప్రతి అడుగూ చివరికి ఆ మూడింటిలో ఒకదాని దగ్గరికే వస్తుంది.

ముందుగా ఒక హెచ్చరిక. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చుక్కల దుప్పి, కణితి, కృష్ణజింక వంటి జంతువుల వేట నేరం. మన ఏజెన్సీ ప్రాంతాలలో నాటు తుపాకీ అని పిలిచేదీ మూతి నుంచి మందు కూరే తుపాకీయే. అనుమతి లేకుండా దానిని ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. ఇక్కడ రాసేదంతా అమెరికాలో, ముఖ్యంగా పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లైసెన్సుతో చట్టబద్ధంగా సాగే వేట గురించి మాత్రమే.

ఇంకో చిన్న మాట. ఇక్కడ వేటాడే తెల్లతోక దుప్పిని (వైట్‌టెయిల్ డీర్) అమెరికాలోని తెలుగువారు వాడుకలో జింక అంటారు. కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలిచే జాతి కాబట్టి దుప్పి అనడమే నాకు సరిగా తోస్తుంది. ఈ తేడాకు వేటలోనూ పని ఉంది. డిసెంబరు చివరి నుంచి మగవాటి కొమ్ములు రాలడం మొదలవుతుంది. జనవరిలో కొమ్ములు లేకుండా కనిపించే ప్రతి దుప్పీ ఆడది కాదు.

1. కాగితాల పని

పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తరువాత వచ్చే ఈ ప్రత్యేక వేట కాలం 1974లో మొదలైంది. ఇందులో చెకుముకి రాయితో నిప్పు పుట్టే ఫ్లింట్‌లాక్ తుపాకీ మాత్రమే వాడాలి. గొట్టం .44 కాలిబర్ (లోపలి వ్యాసం 0.44 అంగుళాలు) కానీ అంతకంటే పెద్దది కానీ కావాలి. టెలిస్కోపు బిగించకూడదు. సాధారణంగా డిసెంబరు 26న మొదలై జనవరిలో ముగుస్తుంది. కచ్చితమైన తేదీలు, ఏ దుప్పికి ఏ ట్యాగు (వేటాడిన దుప్పికి కట్టే చీటీ) వాడాలనే నియమాలు ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది గేమ్ కమిషన్ (వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ) ప్రచురించే పుస్తకం చదవండి. నిరుడు చదివాను కదా అనుకోవద్దు.

మొదటిసారి లైసెన్సు తీసుకునేవారు వేట భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. మామూలు వేట లైసెన్సుతో పాటు మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు కూరే తుపాకీ) అనుమతి విడిగా కొనాలి. వలసేతర వీసా మీద ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అలాంటివారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. పాతకాలపు తుపాకీల నిర్వచనం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటుంది. స్నేహితుడి మాట నమ్మి ఇమిగ్రేషన్ చిక్కులు తెచ్చుకోవద్దు. న్యాయవాదికి ఇచ్చే ఫీజు తుపాకీ ధరలో భాగమనుకోండి.

2. తుపాకీని తెలుసుకోవడం

లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడిన జర్మన్ కమ్మరులు 18వ శతాబ్దంలో తయారు చేసిన పొడవాటి రైఫిళ్ల వారసత్వమే ఇది. పనితీరు సులువుగానే ఉంటుంది. మూతి నుంచి నల్లమందు పోస్తారు. దాని మీద నూనె పట్టించిన గుడ్డముక్కలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో దట్టిస్తారు. పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు సన్నని మందు పోసి, ఉక్కు రేకు మూత వేస్తారు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి దవడల మధ్య ఉన్న చెకుముకి రాయి ఆ ఉక్కును గీరుతుంది. నిప్పురవ్వలు పళ్లెంలో పడతాయి. అక్కడి మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి వెళ్లి అసలు మందును అంటిస్తుంది. ఈ దారిలో ఎక్కడ తడి తగిలినా కథ అక్కడితో ఆగిపోతుంది.

నల్లమందులో 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. కాలాక మిగిలే మసి గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చినట్లు గొట్టం లోపల చెమర్చుతుంది. మంచు పడే పూట, కరిగే పూట ఇది మరీ ఎక్కువ.

నల్లమందుకు బదులు అమ్మే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ వంటివి అంటుకోవడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. పళ్లెంలోని చిన్న మంట వాటికి చాలదు. ఫ్లింట్‌లాక్‌లో అసలైన నల్లమందే వాడండి. ఆధునిక తూటాలలో ఉండే పొగరాని మందును మాత్రం ఏ పరిస్థితిలోనూ పోయకండి. దాని ఒత్తిడికి గొట్టం పగిలి చేతులూ ముఖమూ పోయే ప్రమాదం ఉంది.

3. డిసెంబరు మొదటి వారంలో ఇంట్లో చేయవలసినవి

వేసవిలో పట్టించిన చిక్కని నూనె చలికి మైనంలా బిగుస్తుంది. సుత్తి నెమ్మదిగా పడుతుంది, రవ్వలు తగ్గుతాయి. లాకును (సుత్తి, పళ్లెం, ఉక్కు రేకు ఉండే భాగాన్ని) తుపాకీ నుంచి విప్పి, పాత నూనెను ద్రావకంతో పూర్తిగా కడిగి, కదిలే చోట్ల మాత్రం ఒక్కో చుక్క పలుచని నూనె వేయండి. పొడి గ్రాఫైట్ అయితే ఇంకా మేలు. ఆ తరువాత లాకును ఒక రాత్రి బయట చలిలో ఉంచి, తెల్లవారాక పనితీరు చూడండి. ఇంట్లో బాగా పనిచేసింది కదా అని వదిలేస్తే పరీక్ష సగమే అయినట్లు.

చెకుముకి రాయి అంచు చాకులా ఉండాలి. వేలి గోరును తేలిగ్గా గీరితే పొడి రాలాలి. మొద్దుబారితే చిన్న ఇత్తడి పనిముట్టుతో అంచును కొద్దికొద్దిగా చిట్లగొట్టి పదును తేవాలి. రాయి చుట్టూ చుట్టిన తోలుముక్క కాలం గడిచేకొద్దీ నలిగి పలుచబడుతుంది కాబట్టి దవడ మర మళ్లీ బిగించండి. జేబులో రెండు కొత్త రాళ్లు ఉంచుకోండి. రాయి మార్చడం ముందుగా చేతి తొడుగులతో సాధన చేయండి. మంచులో పడిన రాయిని వెతకడం సరదా పని కాదు.

గుడ్డముక్కకు పట్టించే కొవ్వు విషయంలో నేను రెండేళ్లు తప్పు చేశాను. తేనెమైనం ఎక్కువ కలిసిన లేపనం సెప్టెంబరులో చక్కగా పనిచేస్తుంది. మైనస్ 10లో గట్టిపడి గుండును గొట్టంలోకి దిగనివ్వదు. నీటి ఆధారిత లేపనమైతే గడ్డకట్టుకుంటుంది. చలికి పలుచగానే ఉండే లేపనాన్ని ఎంచుకుని, రాత్రంతా ఫ్రీజరులో పెట్టి పరీక్షించండి. ఈ పరీక్షకు ఇంట్లోవారి అనుమతి అవసరం.

.50 కాలిబర్ గొట్టానికి సాధారణంగా .490 అంగుళాల గుండు, .015 అంగుళాల మందం గల నేత గుడ్డ సరిపోతాయి. గుండు బరువు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. మందు కొలత మీ తుపాకీ తయారీదారు పుస్తకంలోని పరిమితి దాటకూడదు. నా రైఫిలులో రెండు ఎఫ్‌ల మందు 70 గ్రెయిన్లు బాగా కుదిరింది. పళ్లెంలోకి మూడు లేదా నాలుగు ఎఫ్‌ల సన్నని మందు. ఎఫ్‌లు పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది.

గురి సాధన ఎండ కాచే పూట చేయకండి. చలికి మందు వేగం తగ్గుతుంది. మందపాటి కోటు వేసుకుంటే తుపాకీ మడమ భుజం మీద వేరే చోట ఆనుతుంది. తొడుగు వేసిన వేలికి ట్రిగ్గర్ వేరుగా తగులుతుంది. అందుకే వేట రోజు వేసుకునే బట్టలతోనే, చలిలోనే కాల్చి చూడండి. మరో సంగతి: శుభ్రమైన గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండు, మసి పట్టాక వెళ్లే రెండో గుండు ఒకే చోట తగలవు. వేటలో మీకు దక్కేది దాదాపు ఎప్పుడూ ఆ మొదటి గుండే. అందుకే ఐదు రోజుల పాటు రోజుకొక్క గుండు, శుభ్రమైన గొట్టంతో కాల్చి, ఐదింటినీ ఒకే కాగితం మీద చూసుకోండి. ఆ కాగితం చెప్పే దూరమే మీ పరిమితి. నాది 60 గజాలు. నాకంటే బాగా కాల్చేవారు కూడా గుండ్రని సీసంతో 75 గజాలు దాటడానికి ఆలోచిస్తారు.

కడ్డీ మీద రెండు గీతలు గీయండి. ఒకటి ఖాళీ గొట్టానికి, ఒకటి సరిగా దట్టించిన గొట్టానికి. ఇది అలంకారం కాదు. గుండు మందును తాకకుండా మధ్యలో ఆగితే కాల్చినప్పుడు గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. గీత మూతితో సమానంగా వచ్చిందంటే గుండు తన చోట కూర్చున్నట్లు. రెండుసార్లు మందు పోసిన పొరపాటునూ అదే గీత పట్టిస్తుంది.

4. ఒంటి మీద

గొట్టం గురించి చెప్పినదంతా ఒంటికీ వర్తిస్తుంది. నడుస్తూ చెమట పడితే, ఆగిన పావుగంటకు ఆ చెమటే చలిని లోపలికి తెస్తుంది. నూలు బట్ట తడిస్తే ఆరదు కాబట్టి బనియన్ సహా నూలు ఇంట్లోనే వదిలేయండి. చర్మానికి ఉన్ని లేదా పాలియెస్టర్, దాని మీద మందపాటి ఉన్ని, పైన గాలిని ఆపే పొర. పెద్ద కోటును సంచిలో పెట్టుకుని, కొద్దిగా చలి వేస్తుండగానే నడవండి. కూర్చున్నాక లోపలి తడి చొక్కా మార్చుకుని అప్పుడు కోటు తొడుక్కోండి. మైనస్ 10లో చొక్కా విప్పడం పిచ్చితనంలా అనిపిస్తుంది. ఆ అర నిమిషం ఓర్చుకుంటే నాలుగు గంటలు కూర్చోగలరు.

బూట్లు కొంచెం వదులుగా ఉండాలి. చలి అని మూడు జతల మేజోళ్లు బిగించి తొడిగితే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. రసాయనిక వెచ్చని పొట్లాలకు గాలి కావాలి. బిగుతు బూటులో అవి పనిచేయవు. నడుముకు కట్టుకుని చేతులు దూర్చుకునే సంచిలో పెట్టుకుంటే వేళ్లు ఆడతాయి. పలుచని తొడుగు లోపల, దాని మీద ఈ సంచి. కాల్చేటప్పుడు చేతిని సంచి నుంచి తీస్తే చాలు. సింథటిక్ జాకెట్లు గడ్డకట్టే చలిలో అప్పడాల్లా గరగరలాడతాయి. ఉన్ని చప్పుడు చేయదు.

గాలిని లెక్కలోకి తీసుకోండి. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28లా తగులుతుంది. అప్పుడు బయట ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చు. మాట తడబడినా, వేళ్లు బొత్తాం పెట్టలేకపోయినా, అడుగు తూలినా వేట ఆపి వెనక్కి రావాలి. మందు నిండిన తుపాకీ చేతిలో ఉన్న మనిషి బుద్ధి మందగించడం అతనికే కాక పక్కవారికీ ప్రమాదం. నారింజ రంగు చొక్కా, టోపీ నియమం ఉన్నా లేకపోయినా వేసుకోండి. దుప్పికి ఆ రంగు మనకు కనిపించినంత స్పష్టంగా కనిపించదు. తోటి వేటగాడికి కనిపిస్తుంది.

5. వేట రోజు ఉదయం

తుపాకీ ముందు రాత్రి నుంచే చలిలో ఉండాలి. వేడి లేని గారేజీలో, ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో. మందుకొమ్ము (నల్లమందు నింపుకునే కొమ్ము) కూడా మూత బిగించి అక్కడే. కారులో తుపాకీని వెనక డిక్కీలో పెట్టండి, హీటరు గాలి తగలని చోట.

అడవి అంచున దిగాక ఈ వరుసలో చేయండి. ముందుగా గొట్టంలో దాచినప్పటి నూనె లేకుండా ఆల్కహాలుతో తడిపిన గుడ్డ ఒకటి, ఆ వెనుక పొడి గుడ్డలు రెండు మూడు పంపండి. రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేసి, ఒక పక్షి ఈకను అందులో దూర్చి ఉంచండి. మందు పోసేటప్పుడు దారి మూసుకుపోకుండా ఆ ఈక కాపాడుతుంది. మందును కొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి పోయకండి. కొలత గొట్టంలో పోసుకుని అందులో నుంచి పోయాలి. గొట్టంలో ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్ము మొత్తం చేతిలో పేలుతుంది. ముఖం ఎప్పుడూ మూతికి పక్కగా ఉండాలి. గుడ్డ, గుండు పెట్టి, ఒకే తోపుగా మందు దాకా దించి, కడ్డీ గీత చూసుకోండి.

మూతికి అతుక్కునే టేపు ముక్క ఒకటి వేయండి. చెట్టు కొమ్మ మీద నుంచి జారే మంచు గొట్టంలో పడకుండా ఉంటుంది. దానిని తీయకుండానే కాల్చవచ్చు. గుండు ముందున్న గాలే టేపును ఊదేస్తుంది. లాకు మీద మైనం పట్టించిన తోలు కప్పు కట్టండి. ఈకను తీసి, తీగతో రంధ్రం మరోసారి చూసి, వేట వేళ మొదలయ్యాక, కూర్చునే చోటికి చేరాక మాత్రమే పళ్లెంలో మందు వేయండి. పళ్లెం నిండా వేయనక్కర లేదు. సగం లోపు వేసి, రంధ్రం మూసుకుపోకుండా బయటి వైపుకు వంచి ఉంచితే మంట త్వరగా లోపలికి దూకుతుంది.

చెట్టెక్కి కూర్చునేవారు ఒళ్లంతా పట్టి ఉంచే భద్రతా పట్టీ (హార్నెస్) కట్టుకోకుండా ఎక్కవద్దు. మంచు పట్టిన మెట్టు మీద బూటు జారితే మళ్లీ అవకాశం ఉండదు. పళ్లెంలో మందు లేకుండా, మూతి మీ వైపు లేకుండా తుపాకీని తాడుతో పైకి లాగండి.

6. దుప్పి ఎక్కడ ఉంటుంది

నవంబరు మధ్యలో జోరుగా సాగే జత కట్టే కాలం ముగిసింది. ఆపై రెండు వారాల రైఫిల్ వేట జరిగింది. డిసెంబరు చివరికి మిగిలిన దుప్పులు మనిషి అడుగును గుర్తుపట్టే దుప్పులు. మగవి ఒళ్లు కరిగిపోయి ఉంటాయి. వాటికి ఇప్పుడు కావలసినవి రెండే: తిండి, చలిగాలి తగలని చోటు.

ఉత్తర పెన్సిల్వేనియాలోని పాటర్, టయోగా కౌంటీల కొండలలో నేను ముందుగా హెమ్లాక్ తోపులు చూస్తాను. ఆ చెట్టు కొమ్మలు మంచును పైనే ఆపుతాయి, గాలిని విరుస్తాయి. ఎండ ఉన్న చలి రోజున దక్షిణం వైపు వాలులో, గాలి తగలని గట్టు పైభాగంలో పడుకుంటాయి. తిండికి సింధూర (ఓక్) చెట్ల కింద మంచును గిట్టలతో తవ్వి కాయలు తింటాయి. దక్షిణాన వ్యవసాయ కౌంటీలలో కోయకుండా మిగిలిన మొక్కజొన్న, సోయా పొలాల అంచులకు వస్తాయి. మంచు మీద నల్లటి ఆకులూ మట్టీ చిమ్మి ఉన్నాయంటే అది నిన్నటి భోజనశాల. గుర్తులు తాజావో కాదో అంచులు చెబుతాయి. అడుగు అంచు మెత్తగా ఉంటే కొత్తది. గట్టిపడి గుండ్రబడితే రాత్రిది.

చలి తీవ్రమైన రోజులలో దుప్పి తెల్లవారుజామున తిరగడం తగ్గిస్తుంది. శక్తి వృథా చేసుకోదు. మధ్యాహ్నం రెండు దాటాక కాస్త ఎండ తగిలే వేళ లేచి తిండి వైపు నడుస్తుంది. అందుకే ఈ కాలంలో నేను తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మానేశాను. పెద్ద మంచు తుపాను వచ్చే ముందు రోజు మధ్యాహ్నం, తుపాను వెలిసిన మరుసటి రోజు మాత్రం సెలవు పెట్టి అయినా వెళతాను.

గాలి మీ ముఖానికి తగలాలి. కొండ వాలులో సాయంత్రం చల్లని గాలి కిందికి జారుతుంది కాబట్టి తిండి ఉన్న చోటికి పైన కూర్చుంటే మీ వాసన నేరుగా వాటి దగ్గరికి దిగుతుంది. పక్కకు కూర్చోండి.

7. కూర్చున్నాక

ఊపిరి లాకు మీద పడనివ్వకండి. మెడకు కట్టుకున్న ఉన్ని పట్టీ కిందికి ఊదండి. ఉక్కు రేకు మీద పడిన ఊపిరి క్షణంలో తెల్లటి పొరగా గడ్డకడుతుంది. దాని మీద రాయి జారిపోతుంది, రవ్వ రాదు. గంటకోసారి తోలు కప్పు ఎత్తి, పళ్లెంలోని మందు చూడండి. గింజలు విడివిడిగా కదిలితే మంచిది. ముద్దగా మారితే ఊడ్చేసి, పొడి గుడ్డతో పళ్లెం, రేకు, రాయి మూడింటినీ తుడిచి కొత్త మందు వేయండి. మంచు పడుతుంటే అరగంటకోసారి చూడాలి. సన్నని మందు సీసాను చొక్కా లోపలి జేబులో పెట్టుకోకండి. ఒంటి చెమట ఆవిరి అక్కడికి చేరుతుంది. కోటు బయటి జేబే దానికి తగిన చోటు.

మధ్యాహ్నం ఆకలి వేస్తే థర్మాస్‌లో టీ, జేబులో నువ్వుల ఉండలు. గుడిసెకు వెళ్లక తప్పకపోతే పళ్లెం ఊడ్చి ఖాళీ చేసి, తుపాకీని బయటే, తాళం ఉన్న పెట్టెలో ఉంచండి. పళ్లెంలో మందు లేకపోయినా గొట్టంలో ఉందని మరిచిపోవద్దు.

8. కాల్చడం

దుప్పి పక్కకు తిరిగి నిలబడాలి. ముందరి కాలి వెనుక, ఛాతీ కింది మూడో వంతులో గురి. చెట్టుకో మోకాలికో తుపాకీ ఆనించండి. ఫ్లింట్‌లాక్‌లో ట్రిగ్గర్ నొక్కడానికీ గుండు వెళ్లడానికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది, చలిలో ఇంకా కొంచెం ఎక్కువ. పళ్లెంలో మంట కనిపించగానే తల ఎత్తే అలవాటు ఉంటే గుండు పైకి పోతుంది. మంట లేచినా, పొగ వచ్చినా సైటు దుప్పి మీదే నిలవాలి. పొగ తేలిపోయే దాకా తల ఎత్తవద్దు.

కాలకపోతే? తుపాకీని సురక్షితమైన దిశలోనే పూర్తిగా ఒక నిమిషం పట్టుకోండి. లోపల నెమ్మదిగా రగులుతున్న మందు ఆలస్యంగా పేలవచ్చు. నిమిషం దాటాక తీగతో రంధ్రం గుచ్చి, రాయి, రేకు తుడిచి, పళ్లెంలో కొత్త మందు వేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కాలకపోతే ఆ పూటకు వేట అయిపోయినట్లే. గొట్టంలోని మందును కార్బన్ డయాక్సైడు పరికరంతో వెనుక నుంచి ఊది బయటికి తోయవచ్చు. లేదా రంధ్రం గుండా నీరు పంపి మందును పూర్తిగా తడిపి, కడ్డీకి బిగించే మరతో గుండును లాగాలి. ఆ పని తొందరపడకుండా చేయాలి.

కాలితే పొగ తెర ముందు నిలుస్తుంది. కిందికి వంగి పొగ కింద నుంచి చూడండి. దుప్పి ఎటు పరిగెత్తింది, ఎలా ఎగిరింది, చివరిగా ఏ చెట్టు దగ్గర కనిపించింది గుర్తు పెట్టుకోండి. నిలబడిన చోటే మళ్లీ మందు కూరండి. మసి పట్టిన గొట్టం కాబట్టి ముందు ఆల్కహాలు తడి గుడ్డ, తరువాత పొడి గుడ్డ. గుడ్డను ఉమ్మితో తడిపితే ఆ తడి చలిలో గడ్డకట్టి గుండును మధ్యలో ఆపేస్తుంది. ఆపై అరగంట ఆగండి. వెంటనే వెంటపడితే గాయపడిన దుప్పి చాలా దూరం పరిగెత్తుతుంది. మంచు మీద నెత్తుటి చుక్కలు తేలిగ్గా కనిపిస్తాయి. అయితే మంచు జోరుగా కురుస్తుంటే ఆ అరగంటలోనే జాడ కప్పుకుపోతుంది. అప్పుడు ఎంత ఆగాలో మీ విచక్షణ.

9. పడిన తరువాత

కదిపే ముందే ట్యాగు నింపి కట్టండి. పది రోజులలోపు గేమ్ కమిషన్‌కు తెలియజేయాలి. రబ్బరు తొడుగులు వేసుకుని పేగులు తీయండి. ముంజేతుల దాకా తడిసే పని కాబట్టి పొడి తొడుగుల జత సంచిలో వేరుగా ఉంచుకోండి. వెన్నుపాము, మెదడు కోయకండి. క్రానిక్ వేస్టింగ్ అనే దుప్పుల మెదడు వ్యాధి 2012లో ఈ రాష్ట్రంలో బయటపడింది. ఆ వ్యాధి ఉన్న మండలాల నుంచి తల, వెన్నెముక బయటికి తీసుకుపోకూడదు. పరీక్షకు తల ఇచ్చే పెట్టెలు ఉన్నాయి. ఫలితం వచ్చే దాకా వండకండి.

చలి కదా అని మాంసాన్ని బయటే గడ్డకట్టనివ్వడం తప్పు. కండ బిగుసుకుని సడలకముందే గడ్డకడితే తోలులా గట్టిపడుతుంది. తోలు ఒలవకుండా, గడ్డకట్టని చల్లని షెడ్డులో ఒకటి రెండు రోజులు వేలాడదీయండి. దుప్పి మాంసంలో కొవ్వు చాలా తక్కువ. మేక మాంసంలా కుక్కరులో పది విజిల్స్ పెట్టేవారు ఉన్నారు, అలా చేయకండి. తొడ కండను పలుచగా కోసి, ఎక్కువ నూనె, మిరియాలు, కరివేపాకుతో పెనం మీద త్వరగా వేపండి. ముందరి కాళ్లకు మాత్రం గంటల తరబడి సన్నసెగ.

10. ఆ రాత్రే కడగాలి

ఇప్పుడు తుపాకీని ఇంట్లోకి తేవచ్చు, ఖాళీ అయిందని కడ్డీ గీతతో నిర్ధారించుకున్నాక. చెమట పట్టనివ్వండి, ఇప్పుడు పరవాలేదు. లాకు విప్పి, గొట్టాన్ని వేడి నీటితో, గిన్నెల సబ్బుతో, నీరు తెల్లగా వచ్చే దాకా కడగండి. నల్లమందు మసి ఒక్క రాత్రిలో ఇనుమును తినడం మొదలుపెడుతుంది. వేడి నీటికి గొట్టం వెచ్చబడి తనకు తానే ఆరుతుంది. పొడి గుడ్డలు పంపి, తరువాత పలుచని నూనె.

ఎంత బాగా కడిగినా నిద్రకు ముందు మనసు ఒప్పుకుంటుంది కానీ ఇనుము ఒప్పుకోదు. మరుసటి సాయంత్రం ఇంకో తెల్లని గుడ్డ గొట్టంలోకి పంపండి. గోధుమ రంగులో బయటికి వస్తే మళ్లీ మొదటి నుంచి వేడి నీళ్లు పెట్టండి. తెల్లగా వస్తే నూనె పట్టించి, మూతి కిందికి ఉండేలా గోడకు ఆనించండి. మిగిలిన నూనె లాకులోకి జారకుండా బయటికి కారుతుంది.